పాయింట్ల ఓడ

(తాండూరు, వికారాబాద్ ప్రాంతాల్లో సిమెంటు, హార్డ్‌వేర్ వ్యాపారం చేసే కుటుంబాలకు ఎదురయ్యే అనుభవాలను ఒకే ఇంటి కథగా కూర్చిన గాథ ఇది. మనుషుల పేర్లు, కంపెనీ పేరు రాయడం లేదు. బస్తాల, పాయింట్ల, ధరల అంకెలు లెక్క తేలిగ్గా తెలియడానికి వేసుకున్నవి. పన్ను నిబంధనలు, వాటి తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం.)

"ఇంకా 2,700 బస్తాలే అన్నా. ఇంత దూరం వచ్చి ఇప్పుడు ఆగుతరా?"

సేల్స్ ఆఫీసర్ తన ఫోన్ తెరిచి కౌంటర్ మీద పెట్టాడు. కంపెనీ యాప్‌లో ఆకుపచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి సాగి, చివరికి వేలెడు దూరంలో ఆగి ఉంది. గీత కింద 15,300 అని అంకె. గీత కొసన తెల్లటి ఓడ బొమ్మ. దాని కింద రెండు వరుసలు: 'ఫ్యామిలీ క్రూజ్, నలుగురికి. సింగపూర్, మూడు రాత్రులు.'

దుకాణదారు ఆ ఓడను చూస్తూ ఉండిపోయాడు. బయట నాపరాయి పలకలు నింపుకున్న లారీ ఒకటి వెళ్లింది. మృగశిర కార్తె మొదలై నాలుగు రోజులు. దుమ్ము అణిగింది గానీ మబ్బు విడవలేదు.

తాండూరు నేలంతా సున్నపురాయి. ఆ రాయిని పలకలుగా తీస్తే ఇళ్లలోకి పరిచే తాండూరు బండ, కాల్చి పొడి చేస్తే సిమెంటు. ఊరి పక్కనే కరన్‌కోట్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ ఉంది. తవ్వేవాళ్లు, కోసేవాళ్లు, పాలిష్ పట్టేవాళ్లు, లోడెత్తేవాళ్లు, అమ్మేవాళ్లు అందరూ ఏదో రకంగా ఆ రాయి మీదే బతుకుతారు. ఈ దుకాణదారు తండ్రి గనిలో సుత్తె పట్టాడు. కొడుకు డీలర్‌షిప్ తెచ్చుకుని కౌంటర్ వెనక కూర్చున్నాడు. నెలకు రెండున్నర వేల బస్తాల గిరాకీ, మేస్త్రీలకు కొంత ఉద్దెర, బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఖాతా. గట్టిగా నిలబడ్డ చిన్న వ్యాపారం.

స్కీమ్ జనవరిలో వచ్చింది. జూన్ 30 వరకు ఎత్తిన ప్రతి బస్తాకు ఒక పాయింటు. యాప్‌లో పేరు నమోదు చేసుకున్నందుకే 500 పాయింట్లు ముందుగా వేశారు. 12,000 దాటితే ఇద్దరికి ఓడ ప్రయాణం. 18,000 దాటితే నలుగురికి. ప్రయాణం వద్దనుకుంటే పాయింటుకు 7 రూపాయల చొప్పున క్రెడిట్ నోట్ ఇస్తారు, తర్వాతి బిల్లులో అంత తగ్గుతుంది. ఈ చివరి మాట కాగితం వెనక వైపు, చిన్న అక్షరాల్లో ఉంది. కాగితం తిప్పి చూసే తీరిక ఆయనకు చిక్కలేదు.

"వారంల నాలుగు లోడ్లు, మళ్ల వారం మూడు లోడ్లు. నేను పంపిస్త అన్నా. మీరు ఊ అనాలె, అంతే," అన్నాడు ఆఫీసర్. అతనికీ నెల టార్గెట్ ఉంది. అతని మీద పై ఆఫీసర్ ఉన్నాడు. అతని గొంతులో ఉన్నది మోసం కాదు, తొందర.

దుకాణదారు ఊ అన్నాడు.

*

ఆయనకు ఓడ మోజు పుట్టింది కొడుకు వల్ల. ఎనిమిదో తరగతి పిల్లవాడు. హైదరాబాద్‌లో ఉండే మేనమామ పిల్లలు పోయిన వేసవిలో ఓడ మీద దిగిన ఫొటోలను ఫోన్‌లో దాచుకుని, తిండి దగ్గర, పడక దగ్గర అవే చూసేవాడు. ఒక రోజు అడిగేశాడు కూడా. "డాడీ, మనం ఎప్పుడన్న పోతమా?" తండ్రికి ఆ మాట గుచ్చుకుంది. దుకాణం పెట్టినప్పటి నుంచి కుటుంబంతో చేసిన దూర ప్రయాణం తిరుపతి ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం దాకా షట్టర్ తీసి ఉండే మనిషి. పిల్లలకు బాకీ పడ్డానన్న భావన ఆయనలో చాలాకాలంగా ఉంది. ఓడ బొమ్మ కనబడేసరికి ఆ బాకీ ఒక్కసారిగా తీర్చే దారి దొరికినట్టయింది.

గమ్యం దగ్గరపడేకొద్దీ మనిషి అడుగు వేగం పెరుగుతుంది. దీన్ని 1930లలో క్లార్క్ హల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకల్లో గమనించాడు. సన్నటి దారి చివర తిండి పెడితే, తిండికి దగ్గరవుతున్నకొద్దీ ఎలుక మరింత వేగంగా పరుగెత్తింది. 2006లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన రాన్ కివెట్జ్, ఆయన సహచరులు మనుషుల మీద ఇదే పరీక్షించారు. పది కాఫీలు కొంటే ఒకటి ఉచితమన్న కార్డు ఇస్తే, కార్డు నిండుతున్నకొద్దీ జనం కాఫీ తాగడానికి మరింత త్వరత్వరగా వచ్చారు. ఇంకో సంగతి కూడా తేలింది. పది గళ్ల ఖాళీ కార్డు కంటే, పన్నెండు గళ్లు ఉండి రెండింటికి ముందే ముద్ర వేసిన కార్డు త్వరగా నిండింది. రెంటిలోనూ కొనాల్సినవి పది కాఫీలే. అప్పటికే మొదలుపెట్టేశామన్న భావన మనిషిని ముందుకు తోస్తుంది.

జనవరిలో యాప్‌లో ముందుగా వేసిన 500 పాయింట్లు చేసిన పని అదే. ఓడ బొమ్మను గీత కొసన నిలబెట్టడమూ అందుకే. 1896లో అమెరికాలో స్పెర్రీ అండ్ హచిన్సన్ కంపెనీ దుకాణాల్లో పంచిన పచ్చ స్టాంపుల కాలం నుంచి, 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదలుపెట్టిన విమాన మైళ్ల మీదుగా, ఇవాళ మన చేతి ఫోన్‌లో మెరిసే నాణేల దాకా ఈ వ్యాపార సూత్రం మారలేదు. కొనేవాడి కళ్ల ముందు ఒక గమ్యం ఉంచాలి. ఇంకా కాస్తే మిగిలిందని గుర్తుచేస్తూ ఉండాలి.

*

మొదటి రెండు లోడ్లు మూడో రోజు రాత్రి పదింటికి వచ్చాయి. లారీకి 400 బస్తాలు. గోదాంలో పాత సరుకు 600 ఉంది. ఆ గోదాం పట్టేది 1,200.

హమాలీల పెద్ద లోపలికి తొంగిచూసి, "సేటూ, జాగ లేదు. బయట పెడితే వాన," అన్నాడు.

"పైకి పెట్టుర్రి."

"ఇప్పటికే పది వరుసలున్నయి."

"ఈ ఒక్క రాత్రికి. రేపు వేరే గోదాం చూస్త."

సిమెంటు బస్తాలను పది వరుసలకు మించి పేర్చకూడదు. పై బరువుకు అడుగు బస్తాల్లోని పొడి బిగుసుకుపోతుంది. నేలకు తాకకుండా కింద చెక్కలు వేయాలి, గోడకు దూరంగా జరపాలి. ముందు వచ్చింది ముందు పోవాలి. తయారైన వారం ప్రతి బస్తా మీదా అచ్చేసి ఉంటుంది, మూడు నెలలు దాటిన సిమెంటును మళ్లీ పరీక్షించాకే వాడాలి. ఇవన్నీ ఈ దుకాణదారు కొత్త మేస్త్రీలకు పూసగుచ్చినట్టు చెప్పే మాటలు. ఆ రాత్రి పద్నాలుగు వరుసలు పేర్పించాడు. గోడకు, బస్తాలకు మధ్య వదిలిన సందు కూడా నిండిపోయింది.

రెండింటికి వాన పట్టింది. తెల్లవారి షట్టర్ తీసేసరికి ఇల్లాలు కూడా వెంట వచ్చింది. దుకాణం లెక్కలు రాసేది ఆమే. బీకాం చదివింది, పెళ్లయ్యాక చిట్టా ఆమె చేతికొచ్చింది. వెనక గోడ రేకు కింద సన్నటి నీటి చార గోడ వెంబడి దిగి, కింది వరుసల్లోకి పోయింది. ఆయన వంగి ఒక బస్తా మూల బొటనవేలితో నొక్కాడు. మంచి బస్తా అయితే లోపలి పొడి వేలి కింద మెత్తగా కదలాలి. కదలలేదు. పక్క బస్తా నొక్కాడు. అదీ అంతే. అరచేత్తో తట్టాడు. బండ మీద తట్టినట్టు వినిపించింది.

పదకొండు బస్తాలు గడ్డకట్టాయి. 3,300 రూపాయలు. అంత పెద్ద నష్టం కాదు. ఆమెను ఆలోచనలో పడేసింది వేరే సంగతి.

"ఇంక ఎన్ని లోడ్లు రావాలె?"

"ఐదు."

"యాడ పెడ్తవు?"

"ఇంకో గోదాం కిరాయికి తీసుకుంట. నెలకు ఆరువేలంట."

"పైసలు?"

ఆయన జవాబు చెప్పలేదు. క్యాష్ క్రెడిట్ ఖాతా అప్పటికే నిండిందని ఆమెకు తెలుసు. బయట నూటికి రెండు రూపాయల మిత్తికి అడిగి పెట్టాడని అప్పుడే అర్థమైంది.

"ఓడెక్కనీకి అప్పు చేస్తమా?" అంది.

"ఓడ కోసం కాదు, సరుకు కోసం. సరుకెప్పుడైన అమ్ముడుపోతది," అన్నాడు. ఆ మాట ఆయన తనకు తాను చెప్పుకున్నది కూడా.

*

మర్నాడు పొద్దున ఆమె ప్యాసింజర్ ఎక్కింది. కూతురు వికారాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది, చూసి వస్తానని చెప్పింది. చూసింది కూడా. అంతకుముందు స్టేషన్ దగ్గరి ఆడిటర్ ఆఫీసుకు వెళ్లింది. స్కీమ్ కాగితం సంచిలో ఉంది. ధారూరు దాటాక రైల్లోనే దాన్ని మొదటిసారి రెండు వైపులా చదివింది. పాయింటుకు 7 రూపాయల క్రెడిట్ నోట్ మాట అక్కడే కనబడింది.

ఆడిటర్ ఏళ్లుగా వాళ్ల రిటర్నులు వేస్తున్న పెద్దమనిషి. కాగితం చదివి అడిగిన మొదటి ప్రశ్న పన్ను గురించి.

"ఈ టూరు విలువ కంపెనీ ఎంతని రాస్తదమ్మా?"

"మనిషికి అరవై వేలంట సార్. నలుగురికి 2,40,000."

"అయితే టికెట్లు చేతికి రాకముందే 24,000 టీడీఎస్ కట్టాలె. ఇది బహుమతి కింద రాదు. మీ వ్యాపార ఆదాయం కిందికే వస్తది."

ఆయన చెప్పింది అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 194ఆర్ సెక్షన్ గురించి. 2022 ఫైనాన్స్ చట్టం తెచ్చిన ఈ సెక్షన్ ఆ ఏడాది జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. వ్యాపారం వల్ల ఒకరికి ఇచ్చే ప్రయోజనం విలువ ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే, ఇచ్చే సంస్థ దాని మీద 10 శాతం పన్ను కట్టించాలి. పాన్ ఇవ్వకపోతే అది 20 శాతం. డబ్బు రూపంలో ఇస్తే అందులోంచి కోసుకోవచ్చు. వస్తువుగానో ప్రయాణంగానో ఇస్తే కోసుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి, పన్ను జమైందని తేల్చుకున్నాకే ఇవ్వాలి. 2022 జూన్ 16న ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 12వ నంబరు సర్క్యులర్ దీన్ని విప్పి చెప్పింది. కారు, టీవీ, బంగారు నాణెం, మొబైల్ ఫోన్, కంపెనీ ఖర్చుతో చేసే ప్రయాణం అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. కొత్త సరుకు గురించి చెప్పడానికి పెట్టే డీలర్ల సమావేశం రాదు. ఆ సమావేశం పేరుతో చేసే విహారం మాత్రం వస్తుంది. వెంట వచ్చిన కుటుంబ సభ్యుల ఖర్చు వస్తుంది. ముందూ వెనకా అదనంగా ఉండిపోయిన రోజుల ఖర్చూ వస్తుంది. అమ్మకాల డిస్కౌంటు, రిబేటు మాత్రం 194ఆర్ కిందికి రావు.

"ఆ 24,000 ఎక్కడికీ పోదమ్మా, రిటర్న్‌ల లెక్కకొస్తది," అన్నాడు ఆడిటర్. "కానీ 2,40,000 మీ ఆదాయంల కలుస్తది. చేతికి పైస రాకుండ పన్ను మాత్రం పైసల్ల కట్టాలె. అది ముందు తెలిసుండాలె."

ఆమె వెనక వైపు చిన్న అక్షరాలు చూపించింది. "మరి ఈ క్రెడిట్ నోట్ సార్?"

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇది బిల్లుల తగ్గింపు. కొన్న ధర తగ్గుతది, అంత లాభం పెరుగుతది, పన్ను దాని దారిన అదొస్తది. ముందుగా జేబులకెళ్లి కట్టే పని లేదు." కాసేపాగి మళ్లీ చెప్పాడు. "ఒకటి గుర్తుపెట్టుకోమ్మా. పెద్ద కంపెనీలు కొన్నవాళ్లకు ఇచ్చిన పాయింట్లను పుస్తకాల్ల ఇంకా తీర్చాల్సిన బాకీగా రాసుకోవాలె. 2018 ఏప్రిల్ నుంచి వచ్చిన అకౌంటింగ్ నియమమే ఉన్నది. సరుకుకు మనం కట్టిన డబ్బులో కొంత భాగం ఆ పాయింట్లదని దానర్థం. మీ 16,100 మీరు పైసలు పెట్టి కొనుక్కున్నవే. అందుకే అడగండి, వాడుకోండి. కానీ ఇంకో 1,900 పాయింట్ల కోసం ఎంత పెడుతున్నరో ఆ లెక్క ఒకసారి వేయండి."

*

ఆ రాత్రి అన్నాలయ్యాక ఆమె చిట్టా తెచ్చి నేల మీద పరిచింది. భర్తను కూర్చోమంది. అత్తగారు గోడకానుకుని వక్కలు కత్తిరిస్తోంది. పిల్లవాడు పడుకున్నాడు.

"మొన్న వచ్చిన 800 కలిస్తే 16,100 పాయింట్లు. ఆ 800ల ఏడొందలు ఈ నెల అమ్ముడుపోతయి, దాని బాధ లేదు. ఇగ రావాల్సిన 1,900 సంగతి చూడు. బస్తా 300. ఐదు లక్షల డెబ్బై వేలు."

పెన్సిలుతో ఒక్కొక్కటీ రాస్తూ పోయింది. వానాకాలం ఇళ్ల పనులు మందగిస్తాయి, ఆ సరుకు కదలడానికి మూడు నెలలు. నూటికి రెండు చొప్పున నెలకు 11,400 మిత్తి, మూడు నెలలకు 34,200. రెండో గోదాం కిరాయి 18,000. అక్కడ దించి మళ్లీ ఎత్తే హమాలీ, బస్తాకు నాలుగు చొప్పున 7,600. తేమకు నూటికి ఐదు పోయినా 95 బస్తాలు, 28,500. నిలవ సరుకని మేస్త్రీలు బస్తాకు పది తగ్గించమంటారు, అది దాదాపు 18,000.

"లక్షా ఆరువేల మూడొందలు," అని గీత గీసింది. "ఇప్పుడు దీనికి క్రెడిట్ నోట్ కలుపు. 16,100 పాయింట్లు ఏడు లెక్కన 1,12,700. ఓడ కావాలంటే అది వదులుకోవాలె కద. రెండూ కలిస్తే 2,19,000."

"టూరు విలువ రెండు లక్షల నలభై వేలు," అన్నాడు ఆయన. ఇంకా పట్టు వదలలేదు. "ఇరవై ఒక్క వేలు మనకే మిగుల్తయి."

ఆమె పెన్సిల్ కింద పెట్టింది. "టికెట్లు నాలుగే. ఇంట్ల మనం ఎంతమందిమి?"

ఆయన తల్లి వైపు చూశాడు. ఐదో టికెట్ అరవై వేలు. అమ్మను ఇంట్లో వదిలేసి వెళ్తే 21,000 లాభం. వెంట తీసుకెళ్తే 39,000 లోటు. ఆ లెక్క ఆమె నోటితో చెప్పలేదు. చిట్టా ఆయన వైపు తిప్పింది.

అంతసేపూ మాట్లాడని ముసలామె వక్కల కత్తెర మూసింది.

"నేను ఓడను చూసిన బిడ్డా, ఎక్కలె. బొంబాయిల," అంది.

కొడుకు పుట్టకముందు ఆమె, భర్త ఈ రైలుదారినే బొంబాయి వెళ్లారు. గనిలో పని ఆగితే, ఈ ప్రాంతం కూలీలకు అదే దారి. హైదరాబాద్ నుంచి ముంబై పోయే బండ్లు ఎక్కువగా వికారాబాద్, తాండూరు, వాడి మీదుగా పోతాయి. సముద్రం పక్కన కడుతున్న బిల్డింగులో ఆమె మాలు తట్టలు మోసింది. పొద్దూకాక గట్టు మీద కూర్చుంటే దూరంగా ఓడల దీపాలు కనబడేవి.

"మా మేస్త్రి ఒక వానల మస్తు సిమెంటు తెచ్చి పెట్టిండు. అగ్గువకు వస్తున్నదని. నాలుగు రోజులు ముసురు పట్టింది. టార్పాలిన్ కింద నీళ్లు పోయినయి. మేమే గునపాలతోని పగలగొట్టి పారేసినం. ఆ నెల మాకు కూలీ ఇయ్యలె, యాడికెళ్లి ఇస్తడు?" కొడుకు వైపు తిరిగింది. "సిమెంటు కొనెటోడు వచ్చినంక తేవాలె నాయినా. నాకు ఓడ లేకున్న నడుస్తది. నువ్వు అప్పుల పడితే నడువది."

ఆయన చాలాసేపు ఆ కాగితం చూశాడు. చెరిపి మళ్లీ కూడాడు. అంకె మారలేదు. ఫోన్ తీసి సేల్స్ ఆఫీసర్‌కు చేశాడు.

"మిగిలిన లోడ్లు ఆపెయ్ తమ్మీ."

అవతల నుంచి పది నిమిషాల బతిమాలు. ఒక నెల అదనపు గడువిప్పిస్తానన్నాడు, పక్క డీలరు సరుకు కొంత మీ పేరు మీద ఎత్తుకోమన్నాడు, జిల్లాలో ఈ స్లాబు కొట్టే మొదటి డీలరు మీరేనన్నాడు. దుకాణదారు అన్నీ విన్నాడు. ఆఖరుకు ఒకటే మాట చెప్పాడు. "నాకు ఓడ వద్దు. క్రెడిట్ నోట్ రాయించు. కాగితం వెనకాల ఉన్నది, చదువుకున్న."

*

జూన్ 30న యాప్‌లో గీత 16,100 దగ్గర ఆగిపోయింది. జూలై రెండో వారంలో 1,12,700 రూపాయల క్రెడిట్ నోట్ వచ్చింది. దానికి ముందు మూడు ఫోన్లు, ఒక ఈమెయిలు అవసరమయ్యాయి. పాయింట్లు వాటంతటవి డబ్బు కావు, గడువు లోపల అడిగి రాయించుకోవాలి. ఇల్లాలు యాప్‌లోని పాయింట్ల పేజీని ఫొటో తీసి పెట్టుకుంది, ఆఫీసర్‌తో మాట్లాడిన తేదీలు చిట్టా చివరి పేజీలో రాసుకుంది. బిల్లులో తగ్గిన మొత్తాన్ని దుకాణం ఖర్చుల్లో కలిసిపోనీయకుండా, తన పేరున ఉన్న పోస్టాఫీసు ఖాతాలో వేసింది.

దసరా సెలవులకు తీసుకెళ్తామని పిల్లవాడికి మాట ఇచ్చారు. సింగపూర్ బదులు ముంబై. పాస్‌పోర్టులు అక్కరలేదు, దేశంలోని రేవుల మధ్య తిరిగే ఓడకు ఆధార్ చాలు. 2021 సెప్టెంబర్‌లో ముంబై రేవు నుంచి తిరగడం మొదలుపెట్టిన కార్డీలియా కంపెనీ వాళ్ల 'ఎంప్రెస్' ఓడలో గోవా ప్రయాణం. 1990లో ఫ్రాన్స్‌లో రాయల్ కరీబియన్ కోసం కట్టిన ఓడ అది, పదకొండు అంతస్తులు. ఐదుగురి ఛార్జీలు, రైలు టికెట్లు పోస్టాఫీసు ఖాతాలో డబ్బుకు సరిపోయాయి. ముంబైలో ఒక రాత్రి గదికి మాత్రం చేతి డబ్బు పడింది. టీడీఎస్ లేదు, మిత్తి లేదు, రెండో గోదాం లేదు. ఓడ మెట్లెక్కేటప్పుడు ముసలామె మనవడి చెయ్యి పట్టుకుంది. ఐదుగురూ ఎక్కారు.

*

ఈ కథలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. స్కీము పెట్టిన కంపెనీ మాట తప్పలేదు. ఆఫీసర్ తన ఉద్యోగం తాను చేశాడు. అయినా ఒక ఇల్లు ఆరు లక్షల దాకా అప్పు నెత్తికెత్తుకునే అంచుకు వెళ్లి వచ్చింది. అక్కడిదాకా నడిపించింది పిల్లల మీది ప్రేమ. అందుకే ఈ సంగతి రాయాలనిపించింది. దురాశకు ఎవరైనా బుద్ధి చెబుతారు. ప్రేమతో చేసే తప్పు లెక్కను ఆపేవాళ్లు ఇంట్లోనే ఉండాలి.

సిమెంటు డీలర్లకే కాదు, రంగుల డబ్బాలో టోకెన్లు ఏరుకునే పెయింటర్లకూ, క్రెడిట్ కార్డుతో మైళ్లు కూడబెట్టే ఉద్యోగులకూ ఇదే వర్తిస్తుంది. కార్డు పాయింట్ల కోసం అవసరం లేని టీవీ కొని, బాకీ వచ్చే నెలకు తోస్తే, దాని మీద పడే వడ్డీ ముందు ఆ పాయింట్లు ఏ మూలకూ రావు. పాయింట్లు కూడాక వాడుకోకుండా వదిలేయడమూ నష్టమే. గడువు దాటితే మన డబ్బు కంపెనీకే మిగులుతుంది.

తర్వాతి జనవరిలో కొత్త స్కీము వచ్చింది. ఈసారి బంగారు నాణెం. ఆఫీసర్ కాగితం కౌంటర్ మీద పెట్టగానే దుకాణదారు దాన్ని తీసి పక్కనున్న భార్యకిచ్చాడు. ఆమె మూడు ప్రశ్నలడిగింది. "మా మామూలు గిరాకీతోని ఎంత దాకా వస్తం? ఆ పైన ఎత్తే ప్రతి బస్తాకు మిత్తి, కిరాయి కలిపి మాకెంత పడతది? నాణెం వద్దంటే క్రెడిట్ నోట్ ఎంతిస్తరు, ఎప్పటిలోపల?" మొదటి రెండిటికి జవాబు ఆమె చిట్టాలోనే ఉంది. మూడోదానికి ఆఫీసర్ కాగితం తిప్పి చూపించాడు.

మన గిరాకీ తెచ్చిన పాయింట్లు మనవి. వాటిని పైసాతో సహా అడిగి తీసుకోవాలి. పాయింట్ల కోసం తెచ్చిన సరుకు మాత్రం కంపెనీ గోదాం నుంచి మన గోదాంలోకి మారిన అప్పు. ఈ తేడా అందరికంటే ముందు ఇంట్లో లెక్క రాసేవాళ్లకు తెలుస్తుంది. స్కీము కాగితం వచ్చిన రోజే వాళ్ల చేతికివ్వండి.